యోహాను సారు మాట, ఎస్తేరు నోరు

పెన్‌పహాడ్ చుట్టుపక్కల చర్చిలకు వెళ్లే ముసలమ్మలను ఇప్పటికీ ఎవరైనా అడిగితే ఎస్తేరు చిన్ననాటి సంగతి నవ్వుతూ చెప్తారు. అక్కడే కూలి చేసుకునే ఇంట్లో పుట్టి, సూర్యాపేటలో మిషన్ వాళ్ల హాస్టల్లో చదువుకున్న పిల్ల. పాట రాదు, తబలా రాదు. కానీ విదేశం నుంచి దైవ సేవకుడు వచ్చి స్టేజీ మీద ఇంగ్లీషులో ఒక మాట అంటే, అది ఆయన నోటి నుంచి పూర్తిగా జారకముందే పట్టుకుని తెలుగు చేసి జనంలోకి వదిలేది. ఆయన గొంతు పెంచితే పెంచేది. ఆయన కన్నీళ్లు పెట్టుకుంటే ఈమె గొంతు కూడా జీరపోయేది.

ఆ విద్య నేర్పింది హాస్టల్ పాస్టరు. "మైకు ముంగట నిలబడ్డంక నువ్వు లేవు బిడ్డా," అని చెప్పాడాయన. "ఆయన 'ఐ' అంటే నువ్వు 'నేను' అనాలె. 'ఆయన ఇట్ల అంటున్నడు' అన్నవనుకో, జనం మనసు రెండు దిక్కులు పోతది."

ఎస్తేరు ఆ మాటను వాక్యంలా పట్టుకుంది. పరికిణీ కట్టే వయసులోనే స్టేజీ మీద నిలబడి, "నేను తాగి తందనాలాడినోన్ని, పెండ్లాన్ని కొట్టినోన్ని, ప్రభువు నన్ను మురికిల నుంచి లేవట్టిండు," అని గట్టిగా చెప్తే, ముందు వరుసలో కూర్చున్న ఆడవాళ్లు కొంగులు కళ్లకు అద్దుకునేవారు. ఒక్కరూ నవ్వలేదు. ఆ ఘడియలో అక్కడ ఎస్తేరు అనే పిల్ల నిజంగానే లేదు.

చదువైపోయాక కోదాడలో ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు టీచరైంది. బస్టాండు దగ్గర జిరాక్స్ షాపు నడిపే సుధీర్‌ను పెళ్లి చేసుకుంది. సభలప్పుడు పిలిస్తే వెళ్లి తర్జుమా చేసి వచ్చేది. అలా పేరు చెవిన పడి ఒక సంస్థ వాళ్లు ఆమెను వెతుక్కుంటూ వచ్చారు. కాలువ నీళ్ల మీద సర్కారుకు సలహా ఇవ్వడానికి జర్మనీ నుంచి ఒక ఆర్థికవేత్త వస్తున్నాడు. ఊళ్లు తిరుగుతాడు, మనుషులతో మాట్లాడతాడు. పక్కన నమ్మకమైన నోరు ఒకటి కావాలి.

ఆయన పేరు యోహానెస్ డ్రేవెస్. ఆ పేరు ఎవరి నోటా తిరగలేదు. మొదటి ఊళ్లోనే యోహాను సారు అయిపోయాడు. ఎస్తేరుకు లోలోపల నవ్వొచ్చింది. చనిపోయిన తన నాయన పేరు కూడా యోహానే.

తాటిచెట్టంత పొడుగు మనిషి. కుర్చీ వేస్తే కూర్చునేవాడు కాదు, జనం నేల మీద ఉంటే నేల మీదే మోకాళ్లు మడుచుకుని ఇబ్బందిగా కూర్చునేవాడు. ఏ ఊరికి వెళ్లినా ముందు సర్పంచ్ ఇంటికి కాదు, పశువుల కొట్టాలకు వెళ్లేవాడు. గాటికి కట్టిన గేదె నుదుటి మీద చెయ్యి వేసి కాసేపు ఊరకే నిలబడేవాడు. తర్వాతే మాటలు. సూర్యాపేట నుంచి మిర్యాలగూడ దాకా, అక్కడి నుంచి వేములపల్లి, మాడుగులపల్లి దాకా ఆ ఎండాకాలమంతా జీపులో తిరిగారు. రైతులు వాళ్ల పొలాల గురించి చెప్తుంటే ఎస్తేరు ఇంగ్లీషులో "ఐ" అనేది. ఆయన అడిగితే తెలుగులో "నేను" అనేది. రోజూ ఎందరివో 'నేను'లు ఆమె నోట్లోంచి వచ్చి పోతుండేవి. సాయంత్రం ఇంటికొచ్చాక నోరు కడుక్కుని గ్లాసెడు మజ్జిగ తాగితే మళ్లీ ఎస్తేరు అయ్యేది.

ఒకరోజు జీపు పంచరైంది. డ్రైవరు చక్రం విప్పుతుంటే ఇద్దరూ ఎడమ కాల్వ గట్టు మీద కూర్చున్నారు. నీళ్లు నిండుగా పోతున్నాయి.

"మీది ఏ ఊరు సార్?" అని అడిగింది ఎస్తేరు, మాట కలపడానికి.

"నేను పుట్టిన దేశం ఇప్పుడు లేదు," అన్నాడాయన.

ఆమె బిత్తరపోయి చూసింది. ఆయన నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. జర్మనీ రెండు దేశాలుగా ఉన్నప్పుడు తూర్పు దేశంలో, సముద్రానికి దగ్గరగా ఒక చిన్న పల్లెలో పుట్టాడు. ఊరి భూములన్నీ కలిపేసి ఉమ్మడి వ్యవసాయం చేసేవారు. వాళ్ల నాన్నది ఉమ్మడి కొట్టంలో ఆవుల పాలు పితికే పని. కొడుకు ఆర్థికశాస్త్రం చదివాడు. గోడ కూలి రెండు దేశాలూ ఒకటయ్యాక, పాత దేశపు వ్యవసాయం తెలిసినవాడూ కొత్త లెక్కలు వచ్చినవాడూ ఒకే మనిషిలో దొరకడంతో కొత్త సర్కారు ఆయన్ని పిలిచి సలహాదారును చేసింది. ఏ ఉమ్మడి క్షేత్రం తన కాళ్ల మీద నిలబడుతుంది, దేన్ని మూసెయ్యాలి, అది తేల్చే పద్ధతి ఆయనే తయారుచేశాడు. ఆ పద్ధతిలో వాళ్ల ఊరి కొట్టం కూడా మూసెయ్యాల్సిన వైపే వచ్చింది.

"మీ ఊరే కదా సార్. పక్కకు పెట్టలేకపోయారా?"

"పెడితే మిగతా ఊళ్లకు ఏ ముఖం చూపించను?"

ఆవుల్ని లారీలకు ఎక్కించిన రోజు ఆయన అక్కడ లేడట. కబురు ఊరికి తపాలాలో వెళ్లింది. తర్వాత ఇంటికి వెళితే వాళ్ల నాన్న ఒక్క మాట అనలేదు. కాఫీ తాగుతావా అని మాత్రం అడిగాడు.

"అందుకే అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాను," అన్నాడు యోహాను సారు. "నా సలహా ఎవరి బతుకు మీద పడుతుందో, వాళ్లకు ముఖాముఖి నేనే చెప్తాను. ఉక్రెయిన్‌లో చెప్పాను, వియత్నాంలో చెప్పాను, ఇథియోపియాలో చెప్పాను. సర్కార్లు తాము చెప్పలేని మాట చెప్పించడానికి నన్ను పిలుచుకుంటాయి, ఎస్తేర్. అదే నా ఉద్యోగం."

తన ఉద్యోగం కూడా అలాంటిదేనని ఎస్తేరుకు అప్పుడు తట్టలేదు.

వేములపల్లికీ మాడుగులపల్లికీ నడుమ, కాల్వకు ఎగువన మిట్టగూడెం అని ఒక ఊరు. కాల్వ కళ్ల ముందే పారుతుంది కానీ నీళ్లు గట్టెక్కవు. ఎప్పుడో లిఫ్టు అనే ఎత్తిపోతల పథకం కింద మోటార్లు బిగిస్తే ఆ నీటితో మిట్ట మీద వరి పండింది. గొర్ల కాపర్లు రైతులయ్యారు. ఇప్పుడు మోటార్లు పాతబడ్డాయి, పైపులు పగులుతున్నాయి, మిట్ట కావడంతో నీళ్లు సగం దారిలోనే ఇంకిపోతున్నాయి. యోహాను సారు ఆ ఊళ్లో మిగతా ఊళ్లకంటే ఎక్కువ రోజులే తిరిగాడు. ఆఖరికి బడి వరండాలో అందరినీ కూర్చోబెట్టమన్నాడు.

ముందు వరుసలో అలివేలు అనే పెద్దామె, పక్కన ఆమె పెనిమిటి రామలింగయ్య. ఎస్తేరు తిరిగిన రోజుల్లో ఎక్కువసార్లు అన్నం తిన్నది వాళ్లింట్లోనే. దిగువన మోటార్ల చప్పుడు ఆగకుండా వినిపిస్తోంది.

యోహాను సారు లేచి నిలబడ్డాడు. మెల్లగా, అందరి ముఖాలూ చూస్తూ ఇంగ్లీషులో చెప్పాడు. ఎస్తేరు నోరు తెరిచింది.

"నేను అంత సూసిన. అందరి మాట ఇన్న. ఈ లిఫ్టు బంద్ చెయ్యమని సర్కారుకు చెప్పబోతున్న. ఎవలో చెప్తే మీకు తెలుసుడు కాదు, నేనే మీకు చెప్పాలె అని వచ్చిన."

అలివేలు ఆయన వైపు చూడలేదు. ఎస్తేరు వైపే చూసింది.

"నువ్వు పెన్‌పహాడోళ్ల బిడ్డవు గాదు?"

పద్ధతి ప్రకారం ఎస్తేరు ఆ మాటను కూడా ఇంగ్లీషు చేసింది. నువ్వు పల్లెటూరి బిడ్డవే కదా అని పెద్దామె అడుగుతున్నట్టు యోహాను సారుకు అర్థమైంది. తననే అడుగుతోందనుకుని, నేనూ పల్లెలో పుట్టినవాణ్నే అని చెప్పమన్నాడు.

చర్చి స్టేజీ మీద ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా తడబడని చోట ఎస్తేరు తడబడింది. 'పుట్టినోన్నే' అనాలి. ఆ చూపు ముందు ఆ మాట రాలేదు.

"నేను గూడ పల్లెల పుట్టినదాన్నే," అనేసింది.

"పల్లెల పుట్టినదానివైతే," అంది అలివేలు మెత్తగా, "మాకెందుకు బంద్ చేస్తున్నవు బిడ్డా?"

యోహాను సారు చాలాసేపు జవాబు చెప్పాడు. కరెంటు, నీళ్లు, పగిలే పైపులు, గొర్లకు సాయం, పిల్లలకు పని నేర్పడం, ఇలా అన్నీ చెప్పాడు. ఎస్తేరు ప్రతి మాటా తెలుగు చేసింది. ఒక్కటీ వదల్లేదు, ఒక్కటీ కలపలేదు. వరండా దిగి జీపెక్కుతుంటే ఎవరూ తిట్టలేదు. అలివేలు మాత్రం చెంబుతో నీళ్లు తెచ్చి, "నోరెండి ఉంటది, తాగు," అని ఇచ్చింది.

ఆయన జర్మనీ వెళ్లిపోయాడు. నివేదిక ఎక్కడెక్కడో తిరిగింది. మరో రెండు పంటలు పండాక మోటార్లు ఆగిపోయాయి. సాయాలు కొన్ని వచ్చాయి, కొన్ని రాలేదు. ఊరు ఒక్కరోజులో ఖాళీ కాలేదు. ముందు పడుచువాళ్లు మిర్యాలగూడ రైసు మిల్లుల్లో హమాలీకి పోయారు, తర్వాత పెళ్లాలు పిల్లలు వెళ్లారు, ఆ తర్వాత ముసలివాళ్లు. కొందరు సూర్యాపేటలో, కొందరు కోదాడలో తేలారు.

అప్పటి నుంచి ఎస్తేరుకు వాళ్లు కనిపించడం మొదలైంది.

ఒకసారి సూర్యాపేటలో ఆటో ఎక్కి, "కొత్త బస్టాండు" అన్నదో లేదో డ్రైవరు అద్దంలోంచి చూశాడు. "మేడం, మీరు మిట్టగూడెం వచ్చిన్రు గదా. గొంతు పట్టుకున్న." అతని పేరు పరశురాములు. కిరాయి ఇవ్వబోతే వద్దన్నాడు, ఫోన్ నంబరు మాత్రం తీసుకున్నాడు. "మీరు మా ఊరి మనిషే అయిన్రు ఇగ," అన్నాడు. వెటకారమేమీ లేదు అతని మాటలో. అదే ఆమెకు గుచ్చుకుంది. కోదాడ కూరగాయల మార్కెట్లో ఒకామె టమాటలు ఏరుతూ చెయ్యి ఆపి, ఈమె బేరమాడే గొంతు వింటూ నిలబడిపోయింది. ఎస్తేరు కూరలు కొనకుండానే ఇంటికొచ్చింది. ఆ తర్వాత బజారులో గొంతు తగ్గించి మాట్లాడటం అలవాటైంది. బస్సులో టికెట్టు అడగాలన్నా వేలు చూపించేది.

అలివేలు కనిపించింది మిర్యాలగూడలో, సర్కారు దవాఖాన మెట్ల మీద. ఆడబిడ్డ కాన్పుకని ఎస్తేరు వెళ్లింది. మెట్ల మీద ముడుచుకుని కూర్చున్న పెద్దామెను ముందు గుర్తుపట్టలేదు. మిల్లులో నూకలు చెరిగే పనికి పోతున్నదట, తవుడు దుమ్ముకు దగ్గు పట్టుకుందట. తలవెంట్రుకల నిండా సన్నటి దుమ్ము పేరుకుని ఉంది.

ఆమే ఎస్తేరు చెయ్యి పట్టుకుంది. "నువ్వే గదా బిడ్డా."

"అది సారు మాట అమ్మా. నేను తెలుగుల చెప్పిన, గంతే."

"సారు మొఖం నాకు యాదికి లేదు," అంది అలివేలు. "నీ మొఖమే యాదికున్నది. నేను బంద్ చేస్తున్న అన్నవు గద. ఆ మాట జర వాపసు తీస్కోరాదు?"

"నా చేతుల ఏమున్నదమ్మా?"

"చేతుల గాదు. నోట్ల ఉన్నది గద."

అడిగిన తీరులో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. అప్పిచ్చిన గిన్నె తిరిగివ్వమన్నట్టు అడిగింది. చీటీ పిలిచారు, ఆమె దగ్గుకుంటూ లోపలికి వెళ్లిపోయింది. ఎస్తేరు మెట్ల మీద అలాగే నిలబడింది. ఆడబిడ్డకు కొడుకు పుట్టాడని ఎవరో వచ్చి చెప్తే, "ఎవరికి?" అని అడిగింది.

ఆ ఏడాది క్రిస్మస్‌కు ముందు కోదాడలో పెద్ద సభలు జరిగాయి. విదేశీ ప్రసంగీకుడు వచ్చాడు. ఎప్పట్లాగే ఎస్తేరు పక్కన మైకు పట్టుకుని నిలబడింది. ఆయన రెండు చేతులూ చాచి ఇంగ్లీషులో, "నేను మీకు ఒక మాట చెప్పడానికి వచ్చాను," అన్నాడు.

ఎస్తేరు నోరు తెరిచింది. 'నే' అనే చప్పుడు వచ్చి ఆగిపోయింది. ఆయన చిరునవ్వుతో మళ్లీ అదే మాట అన్నాడు. స్పీకర్లలోంచి ఆమె ఊపిరి మాత్రం గరగరమని వినిపించింది. జనంలో ఎవరో దగ్గారు. ఆ దగ్గు మిల్లు దుమ్ము దగ్గులా తోచి ఆమె ఆడవాళ్ల వరుసలన్నీ వెతికింది. మిట్టగూడెం వాళ్లు ఒక్కరూ లేరు. అయినా ప్రతి ముఖమూ వాళ్లదే అనిపించింది. పాస్టరు వచ్చి చేతిలోంచి మైకు తీసుకునేదాకా కదల్లేకపోయింది. మళ్లీ స్టేజీ ఎక్కలేదు.

ఇంట్లో సుధీర్ ఓపికగా చూశాడు. ఆదివారం మధ్యాహ్నాలు కునుకు తీసినప్పుడు ఆమె ఏవో మాటలు అనేది. "ఇంగ్లీషులో మాట్లాడుతున్నావే నిద్రలో," అన్నాడొకసారి. "ఎవరితోనో సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు ఉంటది. పోనీ ఆ జర్మనీ ఆయనకే ఓ మెసేజ్ పెట్టొచ్చుగా?"

"ఏమని పెట్టాలి?"

ఇంతలో పరశురాములు ఫోన్ చేశాడు. "అలివేలత్త పోయింది మేడం. మిర్యాలగూడల కిరాయి ఇంట్ల పాణం పోతే, మిట్టగూడెమే తీస్కపోయి మట్టిల పెట్టినం. రామలింగయ్య మామ ఇగ రానన్నడు. గాడనే ఉంటున్నడు, నాలుగు గొర్లు పెట్టుకొని."

ఇది జరిగిన మూడో ఏట యోహాను సారే మెసేజ్ పెట్టాడు. ఉద్యోగం మానేశాడట. ఒంట్లో బాగోలేదట. ఏ సర్కారూ పిలవలేదు, సొంతంగా వస్తున్నాడు. మిట్టగూడెం చూడాలి. 'మీరు తోడు వస్తారా?' అని అడిగాడు. ఎస్తేరు ఒక వారం జవాబు ఇవ్వలేదు. ఆఖరికి వస్తానంది. సుధీర్ కూడా వస్తానంటే వద్దంది.

సూర్యాపేటలో హైవే పక్కన హోటల్లో ఆయన్ని వెంటనే పోల్చుకోలేకపోయింది. తాటిచెట్టు ఎండిన గెడకర్ర అయింది. చేతికర్ర సాయంతో నడుస్తున్నాడు. కారు మిర్యాలగూడ దారి పట్టాక నోరు విప్పాడు.

"ఇప్పుడు నేను మా నాన్న ఇంట్లోనే ఉంటున్నాను. ఎదురుగా ఆ కొట్టం అలాగే ఉంది. పైకప్పు కూలింది."

"లెక్క తప్పిందని అనిపించిందా సార్?" అడిగింది ఎస్తేరు. అడగగలనని ఆమె అనుకోలేదు.

"తప్పలేదు. అదే నా భయం," అన్నాడాయన కిటికీలోంచి చూస్తూ. "కొట్టం లెక్క, లిఫ్టు లెక్క, రెండూ మళ్లీ మళ్లీ చేసి చూశాను. సరిగ్గానే ఉన్నాయి. తప్పని తేలితే క్షమాపణ అడిగి పడుకునేవాణ్ని."

మిట్టగూడెం దారి సర్కారు తుమ్మతో మూసుకుపోయింది. కారు ఆపి నడిచారు. తలుపులు ఊడిన ఇళ్లు, కూలిన గోడలు, వరండా కూలిన బడి. ఒక్క గడపకు మాత్రం పసుపు ఉంది. దాని ముందు రామలింగయ్య కూర్చుని గొర్రె కాలికి గుడ్డ కడుతున్నాడు. తల ఎత్తి చూశాడు. ఆశ్చర్యపోలేదు.

"వచ్చిన్రా," అన్నాడు. "కూసోండ్రి."

యోహాను సారు నేల మీద కూర్చోలేక కర్ర పట్టుకుని నిలబడే ఇంగ్లీషులో రెండే మాటలు అన్నాడు. తనే మూయించాడు, చూడటానికి వచ్చాడు, అంతే. ఆయన ఆగి ఎస్తేరు వైపు తిరిగాడు.

ఆమె చీర కొంగు గట్టిగా పట్టుకుంది. "సారు... లిఫ్టు ఈ సారే బంద్ చేయించిండట తాతా. సూసి పోదామని వచ్చిండట."

రామలింగయ్య గుడ్డ ముడి వేసి గొర్రెను వదిలాడు. "అట అంటున్నవేందమ్మా? ఆనాడు నోరు నిండ నేను అన్నవు."

ఎస్తేరుకు ఏడుపు తన్నుకొచ్చింది. "మాకు అట్లనే నేర్పిన్రు తాతా. ఎవల మాట చెప్తే వాళ్లయి చెప్పాలె అని. అలివేలమ్మ నన్ను దవాఖాన కాడ అడిగింది, వాపసు తీస్కొమ్మని. నాకు చాతగాలే."

"నాకు చెప్పింది," అన్నాడు ముసలాయన. "'పెన్‌పహాడోళ్ల పిల్ల మనాదిల పడ్డది, ఉత్తగనే అడిగిన ఆ పిల్లను' అని రంధి పడ్డది. నువ్వు కనవడితే చెప్పుమన్నది. నాకేడ కనవడ్డవు నువ్వు?"

ఎస్తేరు అక్కడే మట్టిలో కూలబడి ఏడ్చింది. ఆమెకోసం ఆ పెద్దామె దిగులుపడిందన్నది ఓదార్పు కాలేదు, మరింత బరువైంది. యోహాను సారు ఏం జరిగిందని అడగలేదు. తర్జుమా అడగకుండా ఆయన నిలబడటం అదే మొదలు.

కాసేపటికి రామలింగయ్యే అన్నాడు. "ఒక్క సంగతి సారును అడుగమ్మా. మోటార్లు ఎవలు తీస్కపోయిన్రు? ఏ ఊళ్లె బిగిచ్చిన్రు?"

ఆమె కళ్లు తుడుచుకుని అడిగింది. ఆయనకు తెలియదు. ఎందుకని అడిగాడు.

"పొద్దు గూకే యాళ్లకు చప్పుడు ఇనవడ్తది," అన్నాడు రామలింగయ్య. "ఈడనే, కింద. దినాం ఇనవడ్తది. ఏడనో ఇంక నడుస్తున్నయేమో, గాలికి వస్తున్నదేమో అని అడుగుతున్న."

ఎస్తేరు ఇంగ్లీషులో చెప్పింది. యోహాను సారు కర్ర మీద బరువు వేసి మెల్లగా కింద కూర్చున్నాడు.

"మా నాన్న," అన్నాడు, "కొట్టం మూసేశాక కూడా పాలు పితికే వేళకు లేచి బూట్లు వేసుకునేవాడు. ఆవులు అరుస్తున్నాయి, పొదుగులు నొప్పి పెడుతున్నాయి అనేవాడు. మేము డాక్టరుకు చూపించాం. చనిపోయేదాకా మాత్రలు మింగాడు." ఆగాడు. "ఇప్పుడు ఆ ఇంట్లో నాకు వినిపిస్తున్నాయి."

ఎస్తేరు తెలుగులో చెప్పింది. ఈసారి 'అట' అనలేదు, 'నేను' అనలేదు. "వాళ్ల నాయనకు ఆవులు ఇనవడ్డయి. ఇప్పుడు ఈ సారుకు ఇనవడ్తున్నయి," అంది.

రామలింగయ్య తలూపాడు. జ్వరం వచ్చిందని ఒకరు చెప్తే నాకూ వచ్చిందన్నవాడిలా తలూపాడు. లేచి యోహాను సారు రెక్క పట్టుకుని లేపాడు. ముగ్గురూ దిగువకు నడిచారు. పంపు హౌసుకు తలుపు లేదు. మోటార్లు బిగించిన సిమెంటు దిమ్మెల్లోంచి తుప్పు పట్టిన బోల్టులు మొలిచి ఉన్నాయి. బయట కాల్వ ఎప్పటిలా పారుతోంది. పొద్దు తుమ్మల వెనక్కి జారింది. ఇద్దరూ చెరో దిమ్మె మీద కూర్చున్నారు.

"ఇగో," అన్నాడు రామలింగయ్య.

యోహాను సారు కళ్లు మూసుకున్నాడు. కొంచెంసేపటికి ఆయన తల కూడా ఊగింది, సన్నగా, మోటారు అదురుకు ఊగినట్టు. ఆ ఇద్దరి నడుమ మాట అవసరం పడలేదు. ఎస్తేరు గుమ్మంలో నిలబడి చెవులు రిక్కించింది. బతుకంతా ఎదుటివాళ్ల గొంతులు పట్టుకున్న చెవులవి. కాల్వ నీళ్లు వినిపించాయి, మిట్ట మీద గొర్రె అరుపు వినిపించింది. ఇంకేమీ వినిపించలేదు. ఆ చప్పుడు తనకు రాకపోవడం ఆమెకు బయట నిలబెట్టినట్టుగా అనిపించింది.

చీకటి పడకముందే బయల్దేరారు. హోటల్ దగ్గర దిగుతూ యోహాను సారు ఆమె చెయ్యి పట్టుకుని, "ఇన్నేళ్లూ నేనే ముఖాముఖి చెప్పానని గొప్పగా అనుకున్నాను," అన్నాడు. "ఏ ఊళ్లో అయినా వాళ్లు చూసింది పక్కన నిలబడ్డ మనిషిని. ఉక్రెయిన్‌లో ఒక కుర్రాడు, వియత్నాంలో ఒక పంతులమ్మ. వాళ్ల పేర్లు కూడా నాకు గుర్తులేవు."

ఎస్తేరు ఇప్పటికీ కోదాడలోనే ఉంది, బడిలో పాఠాలు చెప్తుంది. బజారులో గొంతు తగ్గించుకోవడం మానలేదు కానీ ఎవరైనా పోల్చుకుంటే మునుపటిలా తప్పించుకోదు. నిలబడి, వాళ్ల పిల్లలేం చేస్తున్నారో అడుగుతుంది. తర్జుమాకు రమ్మని పిలుపులు వస్తుంటాయి. వెళ్లదు. ఎందుకని అడిగితే చెప్పదు.

మరుసటి వానాకాలం యోహాను సారు కూతురు మెయిల్ పెట్టింది. నాన్న పోయారని, మీకు చెప్పమన్నారని నాలుగు వాక్యాలు. ఎస్తేరు ఆదివారం చర్చి కాగానే మిర్యాలగూడ బస్సెక్కింది. పరశురాములు అక్కడి దాకా వచ్చి ఆటోలో తీసుకెళ్లాడు. రామలింగయ్య మిట్ట మీద గొర్లను మలుపుతున్నాడు.

"సారు పోయిండు తాతా," అంది.

ఆయన భుజం మీది గొంగడి సర్దుకున్నాడు. "ఏడ పెట్టిన్రు?"

"వాళ్ల ఊళ్లనే. వాళ్ల నాయన పక్కన."

"మంచిగ చేసిన్రు." గొర్లను అదిలిస్తూ, "గా ఊళ్లె ఇంక ఎవలన్న ఉన్నరా?" అని అడిగాడు.

"కొంతమంది ఉన్నరట."

"గొర్లుంటయా?"

ఎస్తేరుకు తెలియదు. ఉంటాయని చెప్పాలనిపించింది, చెప్పలేదు. "నాకెరుక లేదు తాతా. ఆయన బిడ్డను అడిగి చెప్తా," అంది.

"అడుగు," అన్నాడు రామలింగయ్య. మబ్బు కమ్ముకొస్తుంటే నోటితో ఈల వేసి గొర్లను ఊరివైపు తిప్పాడు.